రెండు కర్రలు ఒప్పుకోవాలి

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు మనుషులు, ఒక తలుపు.

నానమ్మ కిటికీ పక్కన తన పాత కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి టైమవుతోందని ఒక చేత్తో తల దువ్వుకుంటూ ఇంకో చేత్తో టీ తాగుతోంది. నాన్న గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని డబ్బాలోంచి స్క్రూలు ఏరుతున్నాడు. నడవలో గోడకి ఆనించిన కొత్త తలుపు రెక్క ముందు నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నది ఈ ఇంటి పదిహేడేళ్ల అమ్మాయి. మూడేళ్ల వయసులో వడ్రంగి నాన్న చెవి మీది పెన్సిలు లాక్కుని సగం నమిలేసిందట. అప్పటి నుంచి ఆమె పేరు పెన్సిలు. అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు.

ఐదో లెక్క ఆ తలుపుదే. తొమ్మిది రోజులుగా అది ఇంట్లో ఒక మనిషిలాగే ఉంది. నానమ్మ దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టింది.

"మరేంటే? అందరూ తప్పుకుని నడవాలి, ఎవరూ ముట్టుకోకూడదు, గీత పడకూడదు. నా పెళ్లిలో మీ తాతకి కూడా ఇంత మర్యాద జరగలేదు" అనేది.

పెన్సిలు ఆ మాటకి నవ్వి ఊరుకునేది. ఆమె అసలు మాట్లాడేదే తక్కువ. బడిలో పేరు పిలిస్తే చెయ్యెత్తేది కానీ నోరు తెరిచేది కాదు. కానీ చెక్క ముందు కూర్చుంటే మాత్రం ఆమెకి బెరుకు ఉండేది కాదు. చిన్నప్పటి నుంచి బడి వదలగానే సంచీ పడేసి పెరట్లో నాన్న షెడ్డులోకి పరిగెత్తేది. మొదటి ఆరు నెలలు నాన్న ఆమెకి ఇచ్చిన పని ఒక్కటే. కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి, మేకులను సైజుల వారీగా వేరు చెయ్యడం. ఎందుకో చెప్పలేదు. తర్వాత చిత్రిక పట్టడం. చెక్క మీద చిత్రిక సరిగా నడిస్తే ఒక రకం చప్పుడు, తప్పుగా నడిస్తే ఇంకో రకం చప్పుడు. తప్పు చప్పుడు వినగానే నాన్న తన పని ఆపేసేవాడు. మాట అనేవాడు కాదు. ఆయన ఆగగానే ఆమె తన చెయ్యి సర్దుకునేది.

పదో తరగతి అయ్యాక అమ్మ పట్టుబట్టి ఆమెను పట్నంలో చెక్కపని నేర్పే కాలేజీలో చేర్చింది. రెండేళ్ల కోర్సు. అక్కడ యంత్రాలున్నాయి, నల్లబల్ల ఉంది, ప్రతి పనికీ ఒక పేరు, ఒక కారణం, ఒక బొమ్మ ఉన్నాయి. డ్రాయింగు చెప్పే మేడం ఎవరైనా "ఎందుకు?" అని అడిగితే సంబరపడిపోయేది. పెన్సిలు ఆ రెండేళ్లలో అడగడం నేర్చుకుంది. ఫస్టు క్లాసులో పాసై, ముద్ర ఉన్న సర్టిఫికెట్టుతో తిరిగొచ్చింది. దానికి ఫ్రేము కట్టింది నాన్నే. ఆ ఫ్రేముకి ఆయన వాడిన చెక్క, ఎవరికీ అమ్మకుండా ఏళ్ల తరబడి దాచుకున్న ముక్క.

పేచీ అంతా ఆ తర్వాత వచ్చిన ఉత్తరంతో మొదలైంది. బల్లలు, బీరువాలు చేసే ఒక పెద్ద కంపెనీ వాళ్లు బొమ్మలు గీసే విభాగంలో ఉద్యోగం ఇస్తామని రాశారు.

"ఫ్యాను కింద కూర్చునే పని!" అని అమ్మ ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. "నేను పదో తరగతి చదివితేనే ఆసుపత్రిలో చీటీలు రాసే కుర్చీ దొరికింది. నువ్వు ఇంకో రెండేళ్లు చదివావు. ఇంకేం కావాలి?"

"నాన్న దగ్గర పని చేస్తానమ్మా" అంది పెన్సిలు, వినపడీ వినపడకుండా.

"పొట్టులో దొర్లడానికా రెండేళ్లు చదివించింది? ఆ పని నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకు, పెరట్లోకి వెళ్తే చాలదూ?"

నాన్న ఉత్తరం వైపు, కూతురి వైపు మార్చి మార్చి చూశాడు. చివరికి అమ్మే ఒక దారి చెప్పింది. పెన్సిలు గదికి తలుపు లేదు. పాతదాన్ని చెదలు తినేస్తే ఎప్పుడో తీసేశారు. ద్వారబంధం మాత్రం మిగిలింది, దానికి ఒక పాత దుప్పటి వేలాడుతోంది.

"నీ గదికి తలుపు నువ్వే చెయ్. ఉత్తరానికి జవాబు రాయాల్సిన చివరి రోజుకి బిగించు. ఆ రోజు నేను డ్యూటీ నుంచి వచ్చి ఒక్క వేలితో తోస్తే మూసుకోవాలి. మూసుకుందా, మీ నాన్న దగ్గరే ఉండు, నేను నోరెత్తను. మూసుకోలేదా, మాట్లాడకుండా సరేనని రాసి పంపించు."

ఒక్క వేలి మాట అమ్మ ఊరికే అనలేదు. అది నాన్న పద్ధతి. ఏ ఇంట్లో తలుపు బిగించినా నాన్న చివర్లో కిటికీలు మూసేసి తాను గది లోపల నిలబడతాడు. ఆ ఇంటివాళ్లు బయటి నుంచి ఒక్క వేలితో తలుపు తొయ్యాలి. చీకట్లో నిలబడి ఆయన తలుపు అంచుల చుట్టూ వెలుతురు గీతలు వెతుకుతాడు. ఎక్కడ గీత లావుగా ఉందో అక్కడ తప్పుంది. ఆయనకి పని నేర్పిన మేస్త్రి అలా చేసేవాడట. తలుపు చేసినవాడు తలుపుకి లోపలి వైపు నిలబడితే గానీ తన పని తనకు కనపడదని నాన్న నమ్మకం.

ఆ చివరి రోజు ఇదే.

"నేను నాలుగింటికల్లా వచ్చేస్తాను" అంది అమ్మ, చెప్పులు వేసుకుంటూ. ఉత్తరం ఆమె సంచిలోనే ఉంది. "అత్తయ్యా, మీ మందులు బల్ల మీద పెట్టాను. కొత్తల్లుడి హడావిడిలో మర్చిపోకండి."

"వెళ్లిరావే. నువ్వొచ్చేసరికి అల్లుడు గుమ్మంలో నిలబడి ఉంటాడు" అంది నానమ్మ.

అమ్మ వెళ్లగానే పని మొదలైంది. నాన్న రెక్కను ఎత్తి పట్టుకున్నాడు, పెన్సిలు కింద చెక్కముక్కలు పెట్టి మడతబందులు బిగించింది. ఒక్కో స్క్రూ చెక్కలోకి మెత్తగా దిగుతుంటే ఆమెకి గుండెల్లో ఏదో పొంగుతున్నట్టు ఉంది. బొమ్మ గీసింది తను, చెక్క కోసింది తను, కూసాలు చెక్కి రంధ్రాల్లో బిగుతుగా కూర్చింది తను. రెక్క నాలుగు మూలలూ మూలమట్టం పెట్టి చూసింది. వెంట్రుకంత తేడా లేదు.

"ఇంక వదులు నాన్నా" అంది.

నాన్న చేతులు తీశాడు. ఆమె తలుపును నెమ్మదిగా తోసింది.

తలుపు దాదాపు మూసుకునేదాకా వచ్చి, గడియ వైపు కింది మూల గడపకి తగిలి, కర్రుమని ఆగిపోయింది. ఇంకాస్త బలంగా తోసింది. కదల్లేదు. తలెత్తి చూస్తే పైన, అదే గడియ వైపు, వేలు దూరేంత సందు.

ఆమె బందులు విప్పి మళ్లీ బిగించింది. మళ్లీ కర్రుమంది. టేపు తీసి రెక్క కొలిచింది. తన బొమ్మలో ఎంత ఉందో అంతే ఉంది. అప్పుడు తల తిప్పి నాన్న వైపు చూసింది. నాన్న కళ్లు తలుపు మీద లేవు. ద్వారబంధం మీద ఉన్నాయి. ఆ చూపులో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసు కదూ?" అంది.

నాన్న చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు.

"ద్వారబంధం ఒరిగి ఉంది. గోడ కుంగి ఉంటుంది. నీకు ముందే తెలుసు. తెలుసా, తెలీదా?"

"మొదటి రోజే కనపడింది తల్లీ" అన్నాడు.

"తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు నా పక్కనే కూర్చున్నావు. నేను కొలిచినప్పుడు ఉన్నావు, కోసినప్పుడు ఉన్నావు. ఒక్క మాట చెబితే ఏం పోయేది? చిన్నప్పుడూ ఇంతే. ఏదీ చెప్పవు. మేకులు ఏరమంటావు, ఎందుకో చెప్పవు. పని ఆపి చూస్తావు, ఏం తప్పో చెప్పవు. నువ్వూ బడికి వెళ్లి ఉంటే తెలిసేది, పక్కవాళ్లకి ఎలా చెప్పాలో!"

ఆమె జీవితంలో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. కుర్చీలో నానమ్మ కళ్లద్దాలు తుడవడం ఆపేసింది. ఆ చివరి మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణమే పెన్సిలుకి దాన్ని వెనక్కి లాక్కోవాలనిపించింది. కానీ మాట అప్పటికే వెళ్లి నాన్నకి తగిలింది.

నాన్న చేతిలోని స్క్రూడ్రైవరుని కింద పెట్టాడు. విసిరేసినట్టు కాకుండా, రోజూ పని అయ్యాక పెట్టినట్టే, మొన గోడ వైపు ఉండేలా జాగ్రత్తగా పెట్టాడు.

"నిజమేలే" అని పెరట్లోకి వెళ్లిపోయాడు.



"ఒసేయ్ పెన్సిలూ, ఇలా రా" అంది నానమ్మ. "నిలబడితే వినపడదు. కూర్చో."

పెన్సిలు వెళ్లి కుర్చీ పక్కన కింద కూర్చుంది. అప్పటికే ముక్కు ఎర్రబడింది.

"నువ్వు అడిగావు కదా, ఒక్క మాట చెబితే ఏం పోయేదని. ఆ ఒక్క మాట వాడు రోజూ సాయంత్రం నాకు చెబుతూనే ఉన్నాడు. నువ్వు కూర్చున్న చోటే కూర్చుని. అమ్మా, ద్వారబంధం ఒరిగింది, పిల్ల చూసిందో లేదో అని. మరి చెప్పరా, నోట్లో ఏముంది అన్నాను. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"కాలేజీలో దానికేదో వేరే లెక్క చెప్పి ఉంటారమ్మా అన్నాడు. ఒరిగినదానికి ఎలా చెయ్యాలో పుస్తకంలో రాసే ఉంటుంది, మనకి తెలిసింది పాత పద్ధతి, నేను మధ్యలో వేలు పెట్టి దాని లెక్క పాడుచేస్తానేమో అన్నాడు. నువ్వు గీసుకున్న బొమ్మ ఉంది చూడు, అది తెచ్చి నా ముందు పరిచాడు. ఇందులో ఎక్కడో ఉండే ఉంటుంది అని వేలు పెట్టి వెతికాడు. చదవడం నాకూ రాదు, వాడికీ రాదు. ఇద్దరం కలిసి పావుగంట వెతికాం."

పెన్సిలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"వాడికి మాటలు రాకపోవడానికి కూడా ఒక కథ ఉందిలే. తొమ్మిదేళ్లకే మేస్త్రి దగ్గర పెట్టాల్సి వచ్చింది వాణ్ని. ఆ మేస్త్రి చెయ్యి మంచిదే, నోరే లేదు. ఎందుకు అని అడిగితే కొలబద్దతో వేళ్ల మీద ఒకటి పడేది. రెండుసార్లు పడింది. మూడోసారి అడగలేదు. అడగడం మానేసినవాడికి చెప్పడం ఎక్కడ వస్తుందే? కానీ ఒకటి గుర్తుపెట్టుకో. నీ వేళ్ల మీద ఎప్పుడైనా కొట్టాడా?"

లేదు. పెన్సిలు తల అడ్డంగా ఊపింది. ఒక్కసారి కూడా లేదు.

ఆమెకి కాలేజీ చూడటానికి నాన్న వచ్చిన రోజు గుర్తొచ్చింది. యంత్రాల గదిలో ఆయన గచ్చుకి కూడా నొప్పి కలుగుతుందేమో అన్నట్టు నడిచాడు. ఉలి గాట్లు పడిన చేతులను చొక్కా జేబుల్లోకి దూర్చుకుని, ఉన్నంతసేపూ గుసగుసగానే మాట్లాడాడు. మేడం వచ్చి "మీ అమ్మాయి చెయ్యి చాలా సూటిగా ఉంటుందండీ, ఎక్కడ నేర్చుకుంది?" అని అడిగితే "ఇక్కడేనండి, మీ దగ్గరే" అన్నాడు. పక్కనే ఉన్న తను నవ్వి ఊరుకుంది. నాన్న దగ్గర అని ఒక్క మాట చెబితే ఏం పోయేది? ఆ రోజు నోరు తెరవనిది తనే కదా.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

షెడ్డులో నాన్న ఏ అవసరమూ లేని ఒక కర్రముక్కను చిత్రిక పడుతున్నాడు. అడుగుల చప్పుడు విని ఆగాడు గానీ తల తిప్పలేదు.

"తప్పయిపోయింది నాన్నా" అంది.

"ఏం తప్పు. ఉన్నదే అన్నావు."

"ఉన్నది కాదు. నానమ్మ చెప్పింది." బల్ల మీది పొట్టును చేత్తో పక్కకి తోసింది. "పుస్తకంలో వేరే లెక్క ఏమీ లేదు నాన్నా. నేను చూడలేదు, అంతే. వెడల్పు ఒక్క చోటే కొలిచాను. ఎత్తు ఒక్క పక్కే కొలిచాను. గోడ నిటారుగా ఉంటుందని అనుకుని గీసేశాను. కాలేజీలో ద్వారబంధాలన్నీ కొత్తవే కదా, అన్నీ సరిగ్గానే ఉండేవి."

నాన్న అప్పుడు తల తిప్పాడు.

"అంటే... దానికి కొత్త పద్ధతంటూ ఏమీ లేదా?"

"లేదు."

"అయ్యో!" అని నాన్న నుదురు కొట్టుకున్నాడు. "మొదటి రోజే చెప్పేస్తే అయిపోయేది కదే! నేనేమో నువ్వు ఏదో పెద్ద లెక్క వేస్తున్నావని ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని."

పెన్సిలుకి ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆమె నవ్వగానే నాన్న కూడా నవ్వాడు.

"నాకు అది ఎలా కనిపెట్టాలో చూపించు" అంది. "మొదటి రోజు నువ్వు ఎలా చూశావు?"

నాన్న మూలన ఉన్న గోనెసంచిలోంచి రెండు సన్నటి కర్రలు తీశాడు. ఒక్కో కర్రకి ఒక చివర మొన చెక్కి ఉంది. రెండింటినీ కలిపి రబ్బరు బ్యాండు వేసి ఉంది. చిన్నప్పుడు పెన్సిలు వాటితో కత్తియుద్ధం చేసేది. అవి పనిముట్లని ఆమెకి ఈ రోజు దాకా తెలీదు.

ద్వారబంధం దగ్గరికి వెళ్లి, నాన్న ఒక కర్ర మొన కింది మూలలో పెట్టి, రెండో కర్రను జరుపుతూ ఎదురుగా పైన ఉన్న మూలకి తాకించాడు. రెండు కర్రలూ కలిసిన చోట గోటితో రెండింటి మీదుగా ఒకే గీత పెట్టాడు. తర్వాత వాటిని తీసి, మిగిలిన రెండు మూలలకి పెట్టాడు. ఆ గీతలు ఈసారి కలవలేదు. వేలి లావంత దూరంలో నిలబడ్డాయి.

"చూడు. రెండు కర్రలు ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదంటే ఒరిగినట్టు" అన్నాడు.

"ఎందుకు?"

నాన్న తడబడ్డాడు. "ఎందుకంటే... ఒప్పుకోవాలి కాబట్టి. మేస్త్రి అలాగే చేసేవాడు."

పెన్సిలు ఆ కర్రలనే చూస్తూ ఉండిపోయింది. దీర్ఘచతురస్రంలో కర్ణాలు రెండూ సమానం. ఎనిమిదో తరగతిలో ఆ వాక్యాన్ని ఇరవైసార్లు రాసింది. పరీక్షలో దానికి అయిదు మార్కులు కూడా వచ్చాయి. కాలేజీ పుస్తకంలో ఎర్ర అక్షరాలతో ఉంది. అన్నిచోట్లా రాసింది గానీ, తొమ్మిది రోజుల్లో ఒక్కసారైనా ఒక మూల నుంచి ఇంకో మూలకి టేపు పట్టలేదు. ఆ వాక్యం నాన్న గోనెసంచిలో రబ్బరు బ్యాండు వేసుకుని ఎన్నేళ్లుగానో ఉంది.

"ఎందుకో నేను చెప్పనా?" అంది.

నాలుగు చెక్కపట్టీలు తెచ్చి, మూలల్లో ఒక్కో స్క్రూ వదులుగా బిగించి, చిన్న చట్రం చేసింది. నాన్న చేతికి ఇచ్చి పక్కకి తొయ్యమంది. చట్రం ఒరిగింది.

"పక్కలు ఏమైనా పొడుగయ్యాయా?"

"లేదు. అవే కర్రలు కదా."

"మూల నుంచి మూలకి చూడు."

నాన్న చూశాడు. చట్రాన్ని ఇటు తోశాడు. ఒక మూలల జత దగ్గరైంది, ఇంకోటి దూరమైంది. అటు తోశాడు. తిరగబడింది. నిటారుగా నిలబెట్టాడు. రెండూ సమానమయ్యాయి. మళ్లీ తోశాడు.

"అందుకా!" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం తొమ్మిదేళ్ల పిల్లాడి ముఖంలా ఉంది. చట్రం పట్టుకుని నానమ్మ దగ్గరికి ఒక్క అంగలో వెళ్లాడు.

"అమ్మా, ఇది చూడు! పక్కలు కొలిస్తే దొరకదమ్మా ఇది. నాలుగూ సరిపోయినా మూలలు మోసం చేస్తాయి. అందుకే కర్రలు మూలకి పెట్టమన్నది ఆయన! ఇదిగో, ఇలా తోస్తే..."

"చాల్లేరా, నాకెందుకిది? దీంతో ఈగలు కొట్టొచ్చా?" అంది నానమ్మ. కానీ కొంగుతో కళ్లద్దాల కింద ఒత్తుకుంది.

తర్వాత ఇద్దరూ పనిలో దిగారు. మాటలన్నీ చెక్క గురించినవే. నాన్న దారానికి ఇనుపగుండు కట్టి వేలాడదీశాడు. ద్వారబంధం పైన గడియ వైపుకి ఒకటిన్నర అంగుళం దాకా ఒరిగింది. పెన్సిలు కాగితం మీద లెక్క వేసి, కింది మూలలో అర అంగుళం పైచిలుకు కోయాలని చెప్పింది. నాన్న లెక్క వెయ్యలేదు. రెక్కను బందుల వైపుకి ఆనించి, గడప మీద ఒక చెక్కపేడు పెట్టి, దాని మీదుగా తన చెవి మీది పెన్సిలును నడిపించి గీత గీశాడు. ఇద్దరి గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇద్దరూ వంగి చూశారు.

"ఒప్పుకున్నాయి" అన్నాడు నాన్న.

పెన్సిలు రంపం పట్టింది. కింది నుంచి ఒక సన్నటి వాలుముక్క ఊడి చేతిలో పడింది, ఒక చివర అర అంగుళం, ఇంకో చివర కాగితమంత. నాన్న పైన సందు పూడ్చడానికి కొత్త పట్టీ వెతుకుతుంటే ఆమెకి ఇందాక ఆయన అటూ ఇటూ తోసిన చట్రం గుర్తొచ్చింది.

"నాన్నా, ఆగు. కింద ఎంత ఎక్కువైందో పైన అంతే తక్కువైంది. ఈ ముక్కే అక్కడ పడుతుంది!"

నాన్న ఆ ముక్కను పైన పెట్టి చూశాడు. పెట్టినవాడు చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"నేను ఇన్నేళ్లూ కొత్త పట్టీ కొడుతున్నానే" అన్నాడు. "ఈ ముక్కను పొయ్యిలో పడేసేవాణ్ని."

జిగురు రాసి, తల లేని సన్నమేకులు కొట్టి, చిత్రిక పట్టారు. అతుకు ఎక్కడుందో వేలికి తెలుస్తోంది గానీ కంటికి తెలియడం లేదు. రెక్కను మళ్లీ బిగించాక నాన్న చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆయన తనంతట తాను ఒక సంగతి చెప్పడం పెన్సిలు వినడం అదే మొదటిసారి.

"ఒరిగిన ద్వారబంధానికి ఒక మంచి గుణం ఉంది తల్లీ. ఎటు ఒరిగిందో చూసి బందులు దానికి అవతలి వైపు పెడితే, తలుపు బరువుకి అదే మూసుకుంటుంది. ఎందుకంటే..." అని ఆగి, చేతులతో గాల్లో బొమ్మ గీసి, "ఎందుకంటే తెరిచినప్పుడు అది కొంచెం పైకి లేస్తుంది. లేచింది కిందికి దిగాలనుకుంటుంది కదా? అదన్నమాట" అన్నాడు. చెప్పి, చెప్పగలిగినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

నాలుగు దాటాక అమ్మ వచ్చింది. సంచి దించకుండానే నడవలోకి వచ్చి తలుపు వైపు చూసింది. పాత దుప్పటి మడతపెట్టి నానమ్మ ఒళ్లో ఉంది.

"పడిందా?" అంది.

ఔనని తలూపితే అయిపోయేది. నాన్న నోరు విప్పడు, నానమ్మ చెప్పదు. పెన్సిలు గొంతు సవరించుకుంది.

"పొద్దున పడలేదమ్మా. నేను కొలవడం తప్పు కొలిచాను. నాన్న చూపించాడు. ఇద్దరం కలిసి సరిచేశాం. నువ్వు నన్ను చెయ్యమన్నావు కాబట్టి... ఉత్తరానికి సరేనని రాయమంటే రాస్తాను."

అమ్మ ఆమె వైపు చూడలేదు. తలుపు పైన, అతుకు ఉన్నచోట వేలు నడిపించింది.

"ఇది ఏంటి?"

పెన్సిలు నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "అది కింద కోసిన ముక్కే. నేనెప్పుడూ పారేసేవాణ్ని, పిల్ల పట్టుకుంది. ఎందుకంటే చూడు, ద్వారబంధం ఇలా ఒరిగినప్పుడు కింద ఎంత ఎక్కువవుతుందో..." చట్రం తెచ్చాడు, తోసి చూపించాడు, కర్రలు తెచ్చాడు, మూలలకి పెట్టి చూపించాడు. కర్ణం అన్నాడు, ఆ మాట సరిగ్గా అన్నానా అని కూతురి వైపు చూశాడు, మళ్లీ అన్నాడు.

అమ్మ సంచి భుజాన వేసుకునే నిలబడి అంతా వింది.

"పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో ఒక్క రోజులో ఇన్ని మాటలు మాట్లాడారా మీరు?" అంది. గొంతులో వెటకారం పెట్టబోయింది కానీ నిలవలేదు. కూతురి వైపు తిరిగింది. "ఆసుపత్రిలో నా రిజిస్టరులో ఒక గడి ఉంటుందే. వచ్చిన ప్రతివాళ్లనీ ఎంతవరకు చదివారు అని అడిగి రాయాలి. మీ నాన్న వేలు తెగి అక్కడికి వచ్చిన రోజు ఆయన్ని కూడా అడిగాను. ఏమీ లేదని రాసెయ్ అన్నారు. అడ్డగీత పెట్టాను. ఇవాళ కూడా ఎంతమందికో పెట్టి వస్తున్నాను." ఆమె మళ్లీ ఆ అతుకు తడిమింది. "ఆ గడి బొత్తిగా చిన్నదే."

అమ్మ సంచిలోంచి ఉత్తరం తీసి, ఒక తెల్లకాగితం, తన పెన్ను కలిపి కూతురి చేతిలో పెట్టింది.

"గదిలో కూర్చుని జవాబు రాయి. రానని రాయి. మర్యాదగా రాయి, ముక్కూమొహం తెలియని పిల్లకి ఉద్యోగం ఇస్తామన్నారు, మంచివాళ్లు. ఇంకో ఉత్తరం మీ మేడంకి రాయి. ఎందుకు అని అడగడం నేర్పింది ఆవిడే కదా."

"ఆవిడకి ఇంకో సంగతి కూడా రాయాలమ్మా" అంది పెన్సిలు. "నా చెయ్యి సూటిగా ఎక్కడ అయిందో ఆ రోజు అడిగారు. అప్పుడు చెప్పలేదు."

నాన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. వాటిని ఈసారి జేబుల్లో దాచుకోలేదు.

"సరే, సరే, ఏడుపులు తర్వాత" అంది నానమ్మ కుర్చీలోంచి. "అల్లుణ్ని ఇంకా ఎవరూ పరీక్ష చెయ్యలేదు. ఉత్తరాలంటారేంటి అప్పుడే?"

"కిటికీ మూశావా?" అన్నాడు నాన్న.

"మూశాను."

"అయితే లోపల నిలబడు. చేసినవాళ్లే నిలబడాలి."

పెన్సిలు కాగితాలు గుండెకి హత్తుకుని గదిలోకి వెళ్లి, తలుపు వైపు తిరిగి నిలబడింది. గుమ్మంలోంచి ముగ్గురూ కనపడుతున్నారు. నానమ్మ కుర్చీలోంచి మెడ సాచి చూస్తోంది. నాన్న ఊపిరి బిగబట్టుకున్నాడు. అమ్మ కొంగు దోపుకుని, చూపుడువేలు ఒక్కటే చాచి తలుపు మీద పెట్టింది.

"చీకట్లో భయపడకే" అంది.

"భయం లేదమ్మా."

అమ్మ తోసింది. మిగతా దారంతా తలుపు తనంతట తానే వచ్చింది. గడపకి తగలకుండా, ఎక్కడా ఆగకుండా వచ్చి, టప్‌మని మెత్తగా మూసుకుంది. గది చీకటైంది. పైన, పక్కన, కింద, ఎటు చూసినా ఒకే సన్నటి వెలుతురు గీత, దారం కట్టినట్టుగా. ఆ గీత ఎక్కడా లావెక్కలేదు.